అడుగుకి మూడు మిల్లీమీటర్లు

హయత్‌నగర్‌కి రైలు రాదు. విజయవాడ హైవే మీద బస్సులు, లారీలు, షేర్ ఆటోలు, సంక్రాంతి ముందు రెండు రోజులు కదలని కార్ల బారు, ఇంతే మా ఊరికి తెలిసిన రద్దీ. 2018 సెప్టెంబరు 24న మెట్రో ఎల్‌బీ నగర్ దాకా వచ్చి ఆగింది. అక్కణ్నుంచి మా దాకా ఏడు కిలోమీటర్ల లైను ప్రతిపాదనల్లో ఉంది. రైలు కూత చెవిన పడాలంటే మలక్‌పేటో, కాచిగూడో పోవాల్సిందే. ఆ లోటు తీర్చుకోడానికి మేడ మీద గదిలో నేనే ఒక లైను వేసుకున్నాను. గది పది అడుగులకు పన్నెండు. పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లు.

ఇక్కడ చెప్పబోయేది లైను సంగతి కాదు, దాని పక్కన నిలబడాల్సిన సిగ్నల్ కేబిన్ సంగతి. పొడవు 72 మిల్లీమీటర్లు, వెడల్పు 36, కొప్పు దాకా ఎత్తు 61. అరచేతిలో ఇమిడే ఈ ఇల్లు కట్టడానికి ఐదు నెలల ఆదివారాలు పట్టాయి. అందులో కత్తి పట్టుకున్న సమయం కంటే కాలిక్యులేటర్ పట్టుకున్న సమయమే ఎక్కువ.

కేబిన్ అంటే ఇప్పటి పిల్లలకు ఆఫీసులో మేనేజర్ కూర్చునే గాజు గది. రైల్వే కేబిన్ వేరు. స్టేషను కొసన, పట్టాల పక్కన, కింద ఇటుక గది, పైన చుట్టూ అద్దాల గది. పై గదిలో వరసగా ఇనుప లీవర్లు. కేబిన్‌మన్ ఒక లీవర్ లాగితే, కింది గదిలోంచి బయటికొచ్చి పట్టాల పక్కన కప్పీల మీదుగా పోయే తీగ బిగుసుకుని, ఎక్కడో దూరాన సిగ్నల్ రెక్క వాలేది. ఇంకో లీవర్ లాగితే పాయింటు దగ్గర పట్టాలే పక్కకి జరిగి బండిని పక్కనున్న లూప్ లైనులోకి తిప్పేవి. రెక్క వాలిందంటే ప్లాట్‌ఫారం మీద మూటలు నెత్తికెత్తుకోవచ్చు. సికింద్రాబాద్–వాడి లైను 1874లో మొదలైంది. ఆ తరవాత మన స్టేషన్ల కొసల్లో వెలిసిన కేబిన్లు ఇరవయ్యో శతాబ్దమంతా ఇలాగే పని చేశాయి. ఇప్పుడా పని ప్యానెల్ బోర్డులు, కంప్యూటర్లు చేస్తున్నాయి. అద్దాలు పగిలి, పెంకులు జారి, మర్రి మొలకెత్తిన ఖాళీ కేబిన్లు కిటికీ పక్క సీటు దొరికినవాళ్లకు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి.

బొమ్మ రైళ్ల లోకంలో కేబిన్లు కిట్లుగా దొరుకుతాయి, కానీ అవి ఇంగ్లండువో, జర్మనీవో, అమెరికావో. పొగ గొట్టం, పలకరాతి కప్పు, మంచు జారడానికి వీలుగా నిట్టనిలువు వాలు. మంగుళూరు పెంకుల కేబిన్‌ను పెట్టెలో పెట్టి అమ్మినవాళ్లు నాకైతే కనబడలేదు. ఇక మిగిలింది అట్టముక్క దగ్గర్నుంచి అన్నీ సొంతంగా చేసుకోవడమే. ఈ పిచ్చి ఉన్నవాళ్లు దీన్ని స్క్రాచ్‌బిల్డింగ్ అంటారు. పేరు కొత్తది గానీ పని మనకు కొత్త కాదు, బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో పార్కులు, చెరువులు, కోటలు పిల్లలు చేసేది ఇదే. ఒక్కటే తేడా. కొలువులో రైలింజను కంటే రాముడు పెద్దగా ఉన్నా ఎవరూ ఏమీ అనరు. ఇక్కడ అంటారు.

అందుకే మొదటి లెక్క స్కేలు. ప్రపంచంలో ఎక్కువమంది వాడేది హెచ్‌ఓ, అంటే అసలుకి 87వ వంతు. పుణేలో 1998 నుంచి నడుస్తున్న జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం కూడా ఆ స్కేలుదే. హెచ్‌ఓ పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో హెచ్చిస్తే 1,435 దగ్గరికి వస్తుంది, అది యూరపు, అమెరికాల స్టాండర్డ్ గేజ్. మన బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు, అంటే ఐదడుగుల ఆరంగుళాలు. హెచ్‌ఓలో మన పెట్టెను చేసి ఆ పట్టాల మీద నిలబెడితే, లావుపాటి మనిషి కాళ్లు దగ్గరగా పెట్టి నిలుచున్నట్టు ఉంటుంది. సరిగ్గా ఉండాలంటే వెడల్పు 19.2 కావాలి. ఆ కొలతకి పట్టాలు రెడీమేడ్‌గా దొరకవు. పట్టాలు, చక్రాలు, పాయింట్లు అన్నీ చేత్తో చేసుకోవాలి.

నేను లెక్కను తిరగేశాను. కొనగలిగిన పట్టా 16.5. దాన్ని మార్చలేను కాబట్టి, అది మన బ్రాడ్ గేజ్‌గా కనబడాలంటే మిగతా ప్రపంచం ఎంత చిన్నదవ్వాలి? 16.5ని ఐదున్నరతో భాగించాను. మూడు. శేషం సున్నా. అడుగుకి మూడు మిల్లీమీటర్లు! ఒకటికి 101.6 వంతు. చేతిలో చాక్‌పీసు ఉంటే గోడ మీద రాసుండేవాణ్ని. తర్వాత చూస్తే ఇదేం కొత్త స్కేలు కాదు. ఇంగ్లండులో ట్రై-యాంగ్ కంపెనీ 1957లో ఈ స్కేలులోనే రైళ్లు తెచ్చింది. కాకపోతే 12 మిల్లీమీటర్ల పట్టా వాడింది. బ్రాడ్ గేజ్ పుణ్యమా అని మనకి 16.5 దొరికింది. ఇంకో తమాషా: ఐదడుగుల ఆరంగుళాల మనిషి బొమ్మ ఎత్తూ 16.5 మిల్లీమీటర్లే. నా కేబిన్‌మన్ ఎంత ఎత్తో పట్టాల మధ్య ఎడం అంత.

స్కేలు కుదిరాక ఇంట్లో వస్తువులన్నీ కొత్త ఎక్కంలో పడతాయి. ఒక మిల్లీమీటరంటే నాలుగంగుళాలు. జిరాక్స్ కాగితం మందం ఒక సెంటీమీటరు. విజిటింగ్ కార్డు మూడు సెంటీమీటర్ల పలక. అగరుబత్తి పుల్ల ఐదంగుళాల వాసం. అగ్గిపుల్ల ఎనిమిదంగుళాల గుంజ. మూడు మిల్లీమీటర్ల సన్‌బోర్డు, ఆర్కిటెక్చర్ పిల్లలు మోడళ్లకి వాడేది, సరిగ్గా అడుగు మందం గోడ. ఇంట్లో ఏది చేతికొచ్చినా తిప్పి చూసి “ఇదెంత?” అనుకోవడం అలవాటైంది. ఇంట్లోవాళ్లు అలవాటు పడటానికి కొంచెం ఎక్కువ కాలం పట్టింది.

బరువు దగ్గర మాత్రం ఎక్కం మారుతుంది. పొడవు 101.6 రెట్లు తగ్గితే బరువు దాని ఘనం మేర, అంటే పది లక్షల నలభై ఎనిమిది వేల రెట్లు తగ్గాలి. టన్ను అంటే ఒక గ్రాముకి కాస్త తక్కువ. లాలాగూడ షెడ్డులో ఉండే డబ్ల్యూఏపీ-7 ఇంజను 123 టన్నులు, బొమ్మలో 117 గ్రాములు కావాలి. అంత తేలిక ఇంజనుకి పట్టా మీద పట్టు సరిగ్గా దొరకదు, చక్రాలు ఉత్తినే తిరుగుతాయి. అందుకే బొమ్మ ఇంజన్ల కడుపులో సీసం కుక్కుతారు.

ఇది మొదటి అబద్ధం. లైను మీద ఇంకా చాలా ఉన్నాయి. రెడీమేడ్ పట్టా ఎత్తు 2.54 మిల్లీమీటర్లు, నా స్కేలులో 258 అవుతుంది. అసలు, మీటరుకి 60 కిలోలుండే పట్టా ఎత్తు 172 మాత్రమే. దూరాలకొస్తే మరీ ఘోరం. బ్రాడ్ గేజ్ లూప్ లైనులో బండి నిలబడే జాగాకి చాలాకాలం ప్రామాణిక పొడవు 686 మీటర్లు. బొమ్మలో అది ఆరు మీటర్ల డెబ్బై ఐదు సెంటీమీటర్లు, ఇరవై రెండు అడుగులు. నా గది పన్నెండు. పాత రెండు రంగుల సిగ్నళ్ల పద్ధతిలో, బండి పొరపాటున సిగ్నల్ దాటినా ప్రమాదం లేకుండా అవతల ఖాళీగా ఉంచాల్సిన దూరం 400 మీటర్లు. దానికొక్కదానికే గది చాలదు. 2022 మార్చి 4న మన దక్షిణ మధ్య రైల్వేలో, గుల్లగూడ–చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య, రైళ్లు ఢీకొనకుండా వాటంతట అవే ఆగేలా చేసే కవచ్ వ్యవస్థకి పరీక్ష జరిగింది. ఒకే పట్టా మీద ఎదురెదురుగా రెండు ఇంజన్లు. రైల్వే మంత్రి ఉన్న ఇంజను రెండోదానికి 380 మీటర్ల దూరంలో తనంతట తాను ఆగింది. ఆ 380 మీటర్లను నా స్కేలులోకి దింపి చూశాను: పన్నెండడుగుల మూడంగుళాలు. మంత్రిగారి ఇంజను ఆగేసరికి ఎదుటి ఇంజను మా గోడకి మూడంగుళాల అవతల, పక్కింటి వాళ్ల వైపు ఉంటుందన్నమాట.

కాబట్టి రైళ్ల గదులు కట్టేవాళ్లంతా దూరాన్ని కుదిస్తారు. నా లూప్ ఎనిమిదడుగులు, ఇంజనుతో కలిపి పది పెట్టెల బండి పడుతుంది, అంతే. దీనికి సిగ్గు పడక్కర్లేదు. కానీ ఒకటుంది. ఇన్ని అబద్ధాల మధ్య కుదించకుండా పూర్తి కొలతలతో నిలబెట్టగలిగేది కట్టడం ఒక్కటే. అది సరిగ్గా ఉంటే దాని పక్కనున్న లైనునీ కన్ను నమ్ముతుంది. కేబిన్ మీద నేను అంత కాలం పెట్టింది అందుకే.

కొలతలు ఎక్కణ్నుంచి వచ్చాయంటే, ఒక ఫొటోలోంచి. మా మేనమామ వికారాబాద్ అవతలి వైపు ఒక స్టేషన్లో కేబిన్‌మన్‌గా చేశాడు. తను పని చేసిన కేబిన్ ముందు, ఇటుక గోడకి వీపు ఆనించి తీయించుకున్న నలుపు తెలుపు ఫొటో ఒకటుంది. ఆ కేబిన్ ఇప్పుడు లేదు. మామ ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. ఆయన పాదాల నుంచి నెత్తి దాకా వెనక కనిపించే ఇటుక వరసలు భూతద్దం పెట్టి లెక్కించాను, 22. అరవై ఆరంగుళాలకు ఇరవై రెండు వరసలు, అంటే వరసకి మూడంగుళాలు, సున్నంతో సహా. మన పాత తొమ్మిదంగుళాల ఇటుకకి ఇది సరిపోయింది. ఇక ఫొటోలో ఉన్న ప్రతి ఇటుకా నాకు స్కేలుబద్దే. పై అంతస్తు దాకా 36 వరసలు, అంటే తొమ్మిదడుగులు. పొడవునా 32 ఇటుకలు, ఇరవై నాలుగు అడుగులు. పక్క గోడ ఫొటోలో ఏటవాలుగా పడింది, అక్కడ మామ జ్ఞాపకాన్ని నమ్మాల్సి వచ్చింది. “లీవర్ల ఎనక మంచం ఏస్తే ఇంకో మనిషి నడిచేంత జాగుండేది” అన్నాడు. పన్నెండడుగులు వేసుకున్నాను.

ఇటుకల దగ్గరే పెద్ద ప్రశ్న ఎదురైంది. చుట్టుకొలత 72 అడుగులు, వరసకి 96 ఇటుకలు, 36 వరసలు. మొత్తం 3,456. తలుపు, రెండు చిన్న కిటికీలు పోనిచ్చినా మూడు వేల పైచిలుకు. ఒక్కో ఇటుక బొమ్మలో రెండుంబావు మిల్లీమీటర్ల పొడవు, ముప్పావు మిల్లీమీటరు ఎత్తు. వీటన్నిటి చుట్టూ గీతలు గీయాలా?

దీనికి జవాబు కంటి డాక్టరు బోర్డు దగ్గరుంది. మామూలు చూపున్న మనిషి కన్ను విడదీయగలిగే అతి చిన్న కోణం సుమారు డిగ్రీలో అరవయ్యో వంతు. నిలబడి బల్ల మీదికి చూస్తే కంటికీ బొమ్మకీ మధ్య రెండడుగులు, అరవై సెంటీమీటర్లు అనుకుందాం. ఆ దూరంలో ఆ కోణానికి అందేది 0.17 మిల్లీమీటర్లు. నా స్కేలులో అది దాదాపు 18 మిల్లీమీటర్లు, ముప్పావు అంగుళం. అంతకంటే చిన్నదేదీ రెండడుగుల నుంచి కనబడదు. ఇంకోలా చెప్తే, రెండడుగుల దూరం నుంచి ఈ బొమ్మను చూడటమంటే అసలు కేబిన్‌ను రెండు వందల అడుగుల నుంచి చూడటం. నల్లగొండ పోయే బస్సులోంచి రోడ్డవతలి ఇంటిని చూడండి. ఇటుకల మధ్య సున్నం కనిపిస్తుందా? గోడ గరుకు తెలుస్తుంది, అంతే.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. చుక్కల విషయంలో కన్నుకి ఉన్న ఈ హద్దు పొడుగాటి గీతలకి వర్తించదు. దూరాన కరెంటు తీగ మందం కంటికి అందనంత సన్నం, అయినా ఆకాశం మీద గీతలా కనిపిస్తుంది. గోడ మీద అడ్డ వరసలు అలాంటి గీతలే. ఇటుకకీ ఇటుకకీ మధ్య నిలువు సందులు మాత్రం పొట్టి ముక్కలు, అవి కన్నుకి దక్కవు. దాంతో నిర్ణయం తేలిపోయింది. 36 అడ్డ గీతలు నాలుగు గోడలకీ పూర్తిగా గీశాను. నిలువు సందులు మూలల దగ్గర, తలుపు పైన ఆర్చి దగ్గర, సున్నం రాలినట్టు చూపించిన ఒకట్రెండు చోట్ల, అంతా కలిపి ఓ రెండు వందలు. మూడు వేల ఇటుకలూ గీసేవాళ్లు ఉన్నారు, వాళ్ల ఓపికకి దండం. నాకది భక్తిలా అనిపిస్తుంది గానీ పనితనంలా అనిపించదు.

పిల్లల సంగతి వేరు. వాళ్లు ముక్కు ఆనించి చూస్తారు. ఇరవై సెంటీమీటర్ల నుంచి చూస్తే హద్దు ఆరు మిల్లీమీటర్లకు పడిపోతుంది. మా పక్కింటి ఏడేళ్ల పిల్ల మొదటి చూపులోనే “ఇక్కడ ఇటుకలు లేవు అంకుల్” అని వేలు పెట్టి చూపించింది.

గోడలు గీసింది ఐవరీ షీటు మీద, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో. దాన్ని సన్‌బోర్డు మీద అతికించాలి. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి. ఒక పక్కే రాస్తే అట్ట తడిసి ఉబ్బి, ఆరేటప్పుడు విల్లులా వంగుతుంది. నా మొదటి గోడ మధ్యలో మిల్లీమీటరున్నర పొట్ట పెంచింది, అంటే ఆరంగుళాలు. అసలు కేబిన్ అలా ఉంటే ఇంజనీరు కూల్చమని రాస్తాడు. రెండో గోడకి వెనక వైపు కూడా అదే మందం కాగితం అతికించి, రెండు పక్కలా తడి సమానం చేసి, రాత్రంతా పుస్తకాల బరువు కింద పెట్టాను. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ రోజుల నాటి మెటీరియల్ ఇన్నాళ్లకి ఒక పనికొచ్చింది.

ఇంకో తప్పు నాది కూడా కాదు, ప్రింటరుది. గోడల డ్రాయింగు రెండు రోజుల్లో రెండు కాగితాలుగా ప్రింటు తీయించాను. రెండో రోజు షాపు అబ్బాయి ఫిట్ టు పేజ్ నొక్కాడు. 96 శాతం. కంటికి తేడా ఏమీ తెలీదు. ముందు గోడ 72 మిల్లీమీటర్లు, వెనక గోడ 69.1. మూడు గోడలు అతికించి నాలుగోది పెట్టబోతే మూల దగ్గర పదకొండున్నర అంగుళాల సందు, మనిషి దూరేంత. అప్పట్నుంచి ప్రతి డ్రాయింగు అడుగునా సరిగ్గా 60 మిల్లీమీటర్ల గీత ఒకటి పెడుతున్నాను. ప్రింటు చేతికి రాగానే షాపులోనే ఆ గీత మీద స్టీలు స్కేలు పెట్టి చూశాకే డబ్బులిస్తాను.

కప్పుకి మంగుళూరు పెంకులు. చూరు రెండేసి అడుగులు బయటికి పెట్టి, ముప్పై డిగ్రీల వాలు వేసుకుంటే ఒక్కో పక్క వాలు తొమ్మిదింబావు అడుగులు, పొడవు ఇరవై ఎనిమిది. చదరపు మీటరుకి పదిహేను పెంకులని మేస్త్రీల లెక్క. రెండు పక్కలా కలిపి 48 చదరపు మీటర్లు, 720 పెంకులు. బొమ్మలో ఒక్కో పెంకు బయటికి కనిపించేది మూడు మిల్లీమీటర్ల పైచిలుకు పొడవు, రెండు మిల్లీమీటర్ల వెడల్పు. విడివిడిగా కోసి అతికిస్తే పింఛను వయసొస్తుంది. అందుకని పక్కకి తొమ్మిదేసి కాగితపు పట్టీలు, కింది పట్టీ మీద పై పట్టీ కాస్త ఎక్కేలా, చూరు నుంచి కొప్పు వైపు వేసుకుంటూ పోయాను. ఆరాక అదే ఇంకులేని పెన్నుతో పై నుంచి కిందికి రెండు మిల్లీమీటర్లకొక గాడి నొక్కాను. 720 పెంకులు 18 పట్టీలకు దిగాయి.

రంగు దగ్గర అందరూ చేసే పొరపాటు ఎర్రగా వేసెయ్యడం. వానలు తిన్న పెంకు ఎరుపు కాదు. నాచు నలుపు, దుమ్ము గోధుమ, ఎండకి వెలిసిన గులాబీ. పైగా రెండు వందల అడుగుల నుంచి చూసినట్టు ఉండాలి కాబట్టి ఏ రంగులోనైనా చిటికెడు తెలుపు కలపాలి. మధ్యలో ఐదారు పెంకులు మాత్రం అచ్చమైన కొత్త ఎరుపు. కోతులు తొక్కి పగలగొడితే మార్చినవి.

పై గది అద్దాలు పాత ఓహెచ్‌పీ షీటు. ముందు వైపు ఆరు ఫ్రేములు, తలుపు ఉన్న పక్క ఒకటి, రెండో పక్క రెండు. ఒక్కో ఫ్రేములో అడ్డం మూడు, నిలువు నాలుగు, మొత్తం పన్నెండు అద్దాలు. తొమ్మిది పన్నెండ్లు 108. అనుకుని చేసింది కాదు గానీ, లెక్క తేలాక అమ్మకి చెప్తే మాత్రం సంతోషించింది. అద్దాల మధ్య కొయ్య పట్టీ అసలులో అంగుళమున్నర, బొమ్మలో మిల్లీమీటరులో మూడో వంతుకి కాస్త ఎక్కువ. కత్తితో అంత సన్నం కోస్తే మెలితిరుగుతుంది. తెల్ల కుట్టు దారాన్ని ఫెవికాల్ నీళ్లలో ముంచి, రెండు బట్టల క్లిప్పుల మధ్య బిగించి ఆరబెడితే తీగలా నిలబడింది. దాన్నే షీటు మీద అతికించాను.

మెట్లు వెనక గోడ వెంట ఎక్కి మూల తిరుగుతాయి. తొమ్మిదడుగుల ఎత్తుకి పదిహేను మెట్లు, ఒక్కోటి ఏడంగుళాల చిల్లర, బొమ్మలో 1.8 మిల్లీమీటర్లు. పక్క దిమ్మలకి తెల్ల పొణికి వాడాను, కొండపల్లి బొమ్మలు చేసే చెక్క అదే. బల్సా కోసం ఎక్కడెక్కడో వెతుకుతారు గానీ, మా ఇంటి ముందు హైవే ఎక్కి పోతే కొండపల్లి దగ్గరికే చేరతాం. బొమ్మల దుకాణంలో తరుగు ముక్క అడిగితే నవ్వి ఊరికే ఇచ్చారు. బ్లేడు పెడితే వెన్నలా తెగుతుంది, గీర పడదు.

లీవర్లు 24. ఆరంగుళాలకి ఒకటి చొప్పున వరస పొడవు పన్నెండడుగులు, బొమ్మలో లీవరుకీ లీవరుకీ మధ్య మిల్లీమీటరున్నర. స్టేప్లర్ పిన్నులు విరిచి గుచ్చాను. రంగులు ఇష్టం వచ్చినట్టు వేయకూడదు. బండిని ఆపే సిగ్నళ్లవి ఎరుపు, పాయింట్లవి నలుపు, పాయింటు కదలకుండా పట్టే తాళాలవి నీలం, వాడకంలో లేనివి తెలుపు. నా లైనుకి ఎరుపు తొమ్మిది, నలుపు ఆరు, నీలం ఐదు, తెలుపు నాలుగు వచ్చాయి.

కింది గది ఎందుకున్నట్టు? లీవర్ల గురించి తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది అదే. ఒక్కో లీవరుకి రెండు స్థితులు, లాగినది, లాగనిది. 24 లీవర్లతో వచ్చే కూర్పులు రెండుని ఇరవై నాలుగు సార్లు హెచ్చించినన్ని: ఒక కోటి 67 లక్షల 77 వేల 216. అందులో బండికి ప్రాణహాని లేనివి చాలా కొద్ది. పాయింటు లూప్ వైపు ఉండగా మెయిన్ లైనుకి సిగ్నల్ ఇవ్వడం, ఎదురెదురు దిక్కుల నుంచి రెండు బళ్లకి ఒకేసారి రెక్క వాల్చడం లాంటివన్నీ ఆ కోటిలో ఉన్నాయి. మనిషి నిద్రమత్తులో ఏది లాగుతాడో ఎవరు చెప్పగలరు? అందుకని కింది గదిలో ఇనుప పట్టీలు, వాటికి గాళ్లు. ఒక లీవర్ లాగితే దానికి పడని లీవర్లన్నీ ఆ గాళ్లలో చిక్కుకుని బిగుసుకుంటాయి. ఎంత బలవంతుడు లాగినా రావు. పాయింట్లనీ సిగ్నళ్లనీ ఇలా కలిపి నడిపే పద్ధతికి ఇంగ్లండులో జాన్ శాక్స్‌బీ 1856లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటి కంప్యూటరూ చేసేది అదే కాపలా, ఇనుము బదులు సాఫ్ట్‌వేరుతో. మన తార్నాకలో 1957 నుంచి ఉన్న ఇరిసెట్ సంస్థ దేశమంతటి రైల్వే సిగ్నల్ ఇంజనీర్లకు నేర్పేది ఈ విద్యే.

స్టేషన్ మాస్టర్లకి శిక్షణ ఇచ్చే రైల్వే కేంద్రాల్లో మోడల్ రూమ్ అని ఒకటుంటుంది. బల్ల మీద చిన్న పట్టాలు, బొమ్మ స్టేషన్లు, వాటి పక్కన నిజమైన బ్లాక్ యంత్రాలు. అక్కడ అవతలి స్టేషను లైన్ క్లియర్ ఇవ్వకుండా బొమ్మ బండి కూడా కదలకూడదు. ఆ గదుల్లో కొలతలు ఉత్తుత్తివి, తాళాలు నిజం. నా గదిలో కొలతలు నిజం, తాళాలు ఉత్తుత్తివి. నా 24 పిన్నుల కింద ఏమీ లేదు, ఫెవిక్విక్ చుక్కలు తప్ప. ఎవరైనా మా రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏది అసలైన బొమ్మ అని అడిగితే, నాది అని గట్టిగా చెప్పలేను.

చివరిది దీపం. కోఠీ గుజరాతీ గల్లీలో మామూలుగా ఇచ్చే ఎల్‌ఈడీ మూడు మిల్లీమీటర్లు, నా లోకంలో అడుగు వెడల్పు బల్బు. 0603 అనే చిప్ ఎల్‌ఈడీ అడిగి తెచ్చుకున్నాను. 1.6కి 0.8 మిల్లీమీటర్లు, నువ్వుగింజలో సగం. 12 వోల్టుల అడాప్టరు, ఎల్‌ఈడీకి మూడు పోతే మిగిలింది తొమ్మిది. ఒక కిలో ఓమ్ రెసిస్టరు వేస్తే తొమ్మిది మిల్లీయాంపులు పారి కేబిన్ ఫంక్షన్ హాల్లా వెలిగింది. 4.7 వేసి చూశాను, హోటల్లా ఉంది. పది కిలో ఓములకి, మిల్లీయాంపు కంటే తక్కువకి, రాత్రి డ్యూటీ వెలుతురు వచ్చింది.

ఆ సాయంత్రమే మామను పిలిచాను. గది లైటు ఆర్పి, కేబిన్ దీపం వేసి, పైకప్పు ఎత్తి లోపల చూపించాను. కళ్లద్దాలు నుదుటి మీదికి జరుపుకుని వంగి చాలాసేపు చూశాడు. ఇటుకల మాట ఎత్తలేదు, పెంకుల మాట ఎత్తలేదు.

“గుడ్డ ఏదిరా అల్లుడా?”

“ఏ గుడ్డ మామా?”

“లీవర్ పట్టెతందుకు. ఉట్టి చేతుల్తోని పట్టుకుంటే చెమటకి పిడి తుప్పు పడ్తది. గుడ్డ లేకుండ లీవర్ ముట్టొద్దు, గదే మొదట చెప్తరు మాకు.”

నా కోటి కూర్పుల లెక్కలో గుడ్డ లేదు. అడుగున్నర పొడవు, ముప్పావు అడుగు వెడల్పు అన్నాడు. నాలుగున్నర మిల్లీమీటర్లు, రెండుంబావు. టిష్యూ పేపరుకి ఎర్ర ఇంకు అద్ది కోశాను. మొదటిది నా ఊపిరికే ఎగిరిపోయి ఎక్కడ పడిందో దొరకలేదు. రెండోది చిమ్టాతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఏ లీవరుకి వేలాడదీయాలి మామా అని అడిగాను.

“పదమూడో నెంబరుకెయ్యి” అన్నాడు. “గదెప్పుడు గట్టిగుంటుండె.”